మ్యాచ్ రాని స్పోర్ట్స్ రేడియో రోజంతా ఏం మాట్లాడుతుంది?

అడిగినది ఇదీ: "అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చి ఆరు నెలలైంది. ఆఫీసుకి కొలీగ్ కార్లో వెళ్తాను, గంట ప్రయాణం. ఆయన రోజూ 660 అనే స్పోర్ట్స్ స్టేషనే పెడతాడు. మ్యాచ్ మాత్రం రాదు. ఇద్దరు అరుచుకుంటూ ఉంటారు, మధ్యలో ఎవరో ఫోన్ చేసి కోచ్‌ని తిడతారు. 24 గంటలూ ఇదెలా నడుస్తుంది? మన హైదరాబాద్‌లో క్రికెట్‌కి ఇలాంటిది ఎందుకు లేదు?"

రెండో ప్రశ్నకి జవాబు చివర్లో చెబుతాను, అది పెద్దగా నచ్చదు మీకు. మొదటిదానికి మాత్రం నా దగ్గర సరుకు చాలా ఉంది. గ్రీన్ కార్డు వచ్చాక (ముందు కాదు, వీసా రూల్స్ గుర్తుచేయబోయేవాళ్లు కాస్త ఆగండి) ఆరేళ్లపాటు శని, ఆదివారాల్లో పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి ఏఎం (మీడియం వేవ్) స్పోర్ట్స్ స్టేషన్‌లో పనిచేశాను. మొదట ఫోన్లు ఎత్తేవాణ్ణి, తర్వాత బోర్డు (మైకులు, ఫోన్లు, యాడ్ల శబ్దాన్ని నడిపే కంట్రోల్ బల్ల) ముందు కూర్చున్నాను. వారమంతా సాఫ్ట్‌వేర్, వారాంతం ఇదీ. ఇచ్చే డబ్బులు పెట్రోలుకి, దారిలో కాఫీకి సరిపోయేవి.

ముందు మీ కొలీగ్ వినే స్టేషన్ సంగతి. దాని అసలు పేరు డబ్ల్యూఎఫ్ఏఎన్, అందరూ "ఫ్యాన్" అంటారు. 1987 జూలై 1న మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. రోజంతా స్పోర్ట్స్ కబుర్లే పెట్టుకున్న పెద్ద స్టేషన్ అమెరికాలో అదే మొదటిది. అప్పుడు 1050 ఫ్రీక్వెన్సీ మీద వచ్చేది. దానికి ముందు ఆ స్థానంలో కంట్రీ పాటల స్టేషన్ ఉండేది. కొత్త స్టేషన్‌లో మొదట వినిపించిన గొంతు సూజిన్ వాల్డ్‌మన్ అనే ఆవిడది. మగవాళ్ల అడ్డా అనుకునే చోట మొదటి మాట ఆడమనిషిది కావడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ఆవిడే 2005 నుంచి యాంకీస్ బేస్‌బాల్ మ్యాచ్‌లకు రేడియోలో వ్యాఖ్యానం చెబుతున్నారు.

మొదటి ఏడాది ఆ స్టేషన్‌ని చూసి అందరూ నవ్వారు. రోజుకి 24 గంటలు ఆటల గురించి ఎవడు వింటాడు అన్నారు. డబ్బు కూడా బాగానే కరిగింది. అప్పటి యజమాని ఎమ్మిస్ కంపెనీ 1988లో ఎన్‌బీసీ వాళ్ల రేడియో స్టేషన్లు కొని, అక్టోబర్ 7న ఈ స్టేషన్‌ని 660కి మార్చింది. ఆ ఫ్రీక్వెన్సీతో పాటు అక్కడ పొద్దున షో చేసే డాన్ ఐమస్ కూడా వచ్చాడు. ఆయనకి ఆటల మీద పెద్ద ధ్యాస లేదు. రాజకీయాలు, ఎగతాళి, ఎవరినో ఒకరిని గిల్లడం, అదే ఆయన షో. కానీ ఆ షో తెచ్చిన యాడ్ డబ్బుతోనే మిగతా రోజంతా బేస్‌బాల్ కబుర్లు నడిచాయి. ఐమస్ 2007 ఏప్రిల్ దాకా ఉన్నాడు. రట్గర్స్ యూనివర్సిటీ మహిళా బాస్కెట్‌బాల్ జట్టు గురించి నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. రట్గర్స్ అంటే మీ ఎడిసన్‌కి పక్కనే.

ఇక ఏఎం ఎందుకు? పాటలన్నీ అప్పటికే ఎఫ్ఎంకి వెళ్లిపోయాయి. ఏఎంలో పాట పెడితే డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, మనిషి మాటకి మాత్రం అది చాలు. 660కి 50 వేల వాట్ల పవర్ ఉంది, ట్రాన్స్‌మిటర్ బ్రాంక్స్‌లో హై ఐలాండ్ అనే చిన్న దీవి మీద ఉంది. పగలు పై వాతావరణంలో ఉండే ఒక పొర ఏఎం తరంగాల్ని మింగేస్తుంది. పొద్దు గూకాక ఆ పొర పోతుంది, తరంగాలు ఇంకా పైనున్న పొరకు తగిలి వందల మైళ్ల దూరంలో దిగుతాయి. అందుకే రాత్రి షోలో ఎక్కడో ఒహాయో నుంచి, కరోలినా నుంచి ఫోన్లు వచ్చేవి. స్టీవ్ సోమర్స్ అనే ఆయన 1987 నుంచి రాత్రి జాముల్లో గుసగుసలాడినట్టు మాట్లాడుతూ టాక్సీ డ్రైవర్లని, నైట్ డ్యూటీ వాళ్లని పోగేసుకున్నాడు. 2021లో మానేశాడు. 2012 చివరి నుంచి ఇదే స్టేషన్ 101.9 ఎఫ్ఎంలో కూడా వస్తోంది. మీ కొలీగ్ ఇంకా 660 అంటున్నాడంటే పాతకాపు అన్నమాట.

మీరు మ్యాచ్ రాదన్నారు గానీ, సాయంత్రాలు పెట్టి చూడండి, వస్తుంది. 2013 దాకా మెట్స్ (న్యూయార్క్‌లో ఇంకో బేస్‌బాల్ జట్టు) మ్యాచ్‌లు, 2014 నుంచి యాంకీస్ మ్యాచ్‌లు ఈ స్టేషన్‌లోనే. కాకపోతే మీరు వినేది ఆఫీసుకి వెళ్లే టైమ్, ఆ టైమ్‌లో ఏ ఆటా జరగదు. మ్యాచ్ మూడు గంటల్లో అయిపోతుంది. మిగిలిన ఇరవై ఒక్క గంటలు మీ కొలీగ్ లాంటివాళ్లు ఏం చేయాలి? ఆ గంటల్ని అమ్ముకోవడమే ఈ వ్యాపారం.

దీన్ని రచ్చబండతో పోల్చడం మనవాళ్లకి అలవాటు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను, పని మొదలెట్టిన మొదటి శనివారమే ఆ భ్రమ పోయింది. రచ్చబండ దగ్గర టైమ్ ఎవరూ చూడరు. ఇక్కడ గోడ మీది గడియారమే యజమాని. షో చేసేవాళ్లు గొంతు చించుకుని అరుస్తున్నా సరే, ఒక కన్ను ఆ అంకెల మీదే ఉంటుంది. ప్రతి గంటకీ, గంట మారే వేళకి వీలైనంత దగ్గర్లో స్టేషన్ అక్షరాలు (డబ్ల్యూఎఫ్ఏఎన్ లాంటివి), ఊరి పేరు చెప్పాలి, అది ప్రభుత్వ నిబంధన. ఆ తర్వాత ఎన్ని నిమిషాలు మాట, ఎన్ని నిమిషాలు యాడ్లు అన్నది ఒక కాగితం మీద గుండ్రటి బొమ్మలో గీసి ఉంటుంది. దాని పేరే "క్లాక్".

ఆ బొమ్మ వెనకాల ఒక లెక్క ఉంది. న్యూయార్క్ లాంటి పెద్ద నగరాల్లో నీల్సన్ కంపెనీ కొంతమందికి పేజర్ సైజు మీటరు ఇస్తుంది. స్టేషన్ శబ్దంలో మన చెవికి వినపడని ఒక గుర్తు కలిపి ఉంటుంది, మీటరు దాన్ని పట్టుకుని ఆ మనిషి ఏ స్టేషన్ ఎంతసేపు విన్నాడో రాసుకుంటుంది. గంటని నాలుగు పావుగంటలు చేస్తారు. ఒక పావుగంటలో అయిదు నిమిషాలు వింటే ఆ పావుగంట మొత్తం స్టేషన్ ఖాతాలో పడేది. చాలా ఏళ్లు ఇదే లెక్క, 2025లో మూడు నిమిషాలకి తగ్గించారు.

ఇప్పుడు ఆలోచించండి. మీ దగ్గర ఆ మీటరు ఉంది, ప్రయాణం పది నిమిషాలే అనుకోండి. మీరు 8:10కి రేడియో పెట్టారు, 8:20కి ఆఫీసు పార్కింగ్‌లో దిగారు. 8:12కే యాడ్లు మొదలైతే మీరు స్టేషన్ మారుస్తారు, ఒక్క పావుగంట కూడా దక్కదు. అదే 8:15 దాటేదాకా గొడవని సాగదీస్తే? 8:10 నుంచి 8:15 ఒక పావుగంట, 8:15 నుంచి 8:20 ఇంకోటి. పది నిమిషాలకి అరగంట వినిపించినట్టు లెక్క. అందుకే ఎంత పస లేని టాపిక్ అయినా పావు, అర, ముప్పావు గంటల దగ్గర హఠాత్తుగా వేడెక్కుతుంది. రేపు కార్లో గమనించండి. 8:13కి ఒకాయన "ఇంకో పేరు చెబుతాను, వింటే మీకు కోపం వస్తుంది" అంటాడు. ఆ పేరు 8:16 దాకా బయటికి రాదు.

మా చిన్న ఊరికి మీటర్లు లేవు. కాగితం డైరీలు వచ్చేవి. ఎవరింటికో వారం పాటు డైరీ పంపిస్తారు, ఏం విన్నారో వాళ్లే రాసి పంపాలి. వాళ్ల మనసులో పేరు నాటుకోవాలి కాబట్టి మేం ప్రతి రెండు నిమిషాలకి స్టేషన్ పేరు చెప్పేవాళ్లం. ఊళ్లో ఒక పెద్దావిడ ఫోన్ చేసి "నాకు మతిమరుపు లేదు నాయనా" అని విసుక్కుంది కూడా.

ఇక ఫోన్లు. వినేవాళ్లకి అందరూ వరసలో నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అది ఉత్తదే. మా స్టేషన్‌కి ఆరు లైన్లు. లైటు వెలగ్గానే ఎత్తి నేను మూడు అడగాలి: పేరు, ఊరు, ఏం చెప్తావు. మూడోదానికి జవాబు ఒక్క వాక్యంలో రాకపోతే "సార్, మళ్లీ చేయండి" అని పెట్టేయడమే. వచ్చిన జవాబుని తెర మీద టైప్ చేస్తాను, అది స్టూడియోలో హోస్ట్ ముందు కనిపిస్తుంది. "కోచ్‌ని తీసేయాలి" అని నలుగురున్నారు, "కోచ్ తప్పేం లేదు" అని ఒక్కడున్నాడు. ఎవడు ముందు వెళ్తాడు? ఆ ఒక్కడే. నలభై నిమిషాలుగా లైన్లో ఉన్న మంచి మనిషి అలాగే కాచుకుని ఉంటాడు, రెండు నిమిషాల కిందట వచ్చిన కోపిష్టి లోపలికి వెళ్లిపోతాడు. అన్యాయమే. కానీ అవునంటే అవునని వరసగా నలుగురు అంటే స్టేషన్ మార్చేసేది మీరే.

లోపలికి వెళ్లగానే సగం మంది మొదట చెప్పే మాట, "మొదటిసారి చేస్తున్నాను, ఎన్నాళ్లుగానో వింటున్నాను". ఇంగ్లీషులో అది నాలుగు మాటలకి కుదించుకుపోయి ఒక పలకరింపు అయిపోయింది, మనవాళ్లు "బాగున్నారా" అన్నట్టు. ఆ తర్వాత "నాది ఒక్కటే పాయింట్" అంటారు. ఆ మాట అన్నవాడి దగ్గర కనీసం మూడు ఉంటాయని నా అనుభవం.

ఫోన్ చేసినవాళ్లని ఇంట్లో రేడియో కట్టేయమని ఎందుకు బతిమాలతారో తెలుసా? స్టూడియోలో అన్న మాట మీకు వెంటనే రాదు. ఏడెనిమిది సెకన్లు ఒక యంత్రంలో ఆగి వస్తుంది. ఎవడైనా బూతు మాట్లాడితే బోర్డు మీద డంప్ అనే బటన్ నొక్కాలి. అప్పుడు ఆ సెకన్లు ఎగిరిపోతాయి, బూతు బయటికి పోదు. ఇంట్లో రేడియో పెట్టుకుని ఫోన్లో మాట్లాడేవాడికి తన గొంతే ఏడు సెకన్ల తర్వాత వెనక్కి వినిపిస్తుంది, అయోమయపడి నోట మాట ఆగిపోతుంది.

నేను బోర్డు ముందు కూర్చున్న రెండో నెలలో ఒకడు హైస్కూల్ ఫుట్‌బాల్ రిఫరీ మీద విరుచుకుపడి ఒక మాట అన్నాడు. నొక్కాను. చెమటలు పట్టాయి గానీ పని జరిగింది. నాకు తెలియనిదేంటంటే, ఒకసారి నొక్కాక యంత్రం ఖాళీ. మాటల మధ్య సందుల్ని కొంచెం కొంచెం సాగదీసి ఆ సెకన్లని అది మళ్లీ పోగేసుకోవాలి, దానికి టైమ్ పడుతుంది. నేను లైన్ కట్ చేయడం మర్చిపోయాను. వాడు అదే మాట ఇంకోసారి అన్నాడు. ఈసారి ఊరంతా విన్నది, శనివారం ఉదయం పదకొండింటికి. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా అలాంటి మాట గాల్లోకి వెళ్తే 2006 చట్టం పెట్టిన జరిమానా 3 లక్షల 25 వేల డాలర్ల దాకా ఉండేది. మా స్టేషన్ మొత్తం అమ్మినా అంత వచ్చేదో రాదో. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి బతికాం. మేనేజర్ ఏమీ అనలేదు, సోమవారానికి బోర్డు మీద ఎర్ర టేపు అంటించి "ముందు లైన్, తర్వాత బటన్" అని రాసిపెట్టాడు.

హోస్టుల గురించి రెండు మాటలు. ఫ్యాన్‌కి అసలు గుర్తింపు తెచ్చింది మైక్ ఫ్రాన్సెసా, క్రిస్ రస్సో. 1989 సెప్టెంబర్ నుంచి 2008 ఆగస్టు దాకా మధ్యాహ్నం పూట వాళ్లే. ఒకాయన అన్నీ తెలిసిన హెడ్మాస్టర్‌లా నింపాదిగా, ఇంకొకాయన కొక్కొరోకో అన్నట్టు పై స్థాయిలో. మధ్యమధ్యలో ఇద్దరికీ నిజంగానే పడేది కాదు. తర్వాత దేశంలో ప్రతి ఊరి స్టేషన్ ఆ జోడీనే నకలు కొట్టింది, మా ఊరిదీ అంతే. మీరు పొద్దున వినే బూమర్ ఎసియాసన్, గ్రెగ్ జియానొట్టి 2018 నుంచి కలిసి చేస్తున్నారు. ఎసియాసన్ ఒకప్పటి పెద్ద క్వార్టర్‌బ్యాక్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరి జట్టుని నడిపేవాడు), రెండో ఆయన పుట్టు రేడియో మనిషి. ఒకడు ఆడినవాడు, ఒకడు చూసినవాడు. ఈ కలయిక దాదాపు ఎక్కడైనా నిలుస్తుంది. ఇద్దరూ ఆడినవాళ్లే అయితే బోరు కొడుతుంది, వాళ్లు తోటి ఆటగాళ్లని నొప్పించరు.

ఈ స్టేషన్లు ఊరి మీద ఎంత స్వారీ చేస్తాయో చూడాలంటే న్యూయార్క్ కాదు, గంటన్నర కిందికి ఫిలడెల్ఫియా వెళ్లాలి. అక్కడి స్టేషన్ డబ్ల్యూఐపీ. 1999లో ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు ఈగిల్స్ కొత్త ఆటగాణ్ణి తీసుకోవాల్సి ఉంది. రికీ విలియమ్స్‌నే తీసుకోవాలని పొద్దున షో చేసే ఏంజెలో కెటాల్డీ పట్టుబట్టాడు. ముప్పై మంది శ్రోతల్ని వెంటేసుకుని డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) జరిగే న్యూయార్క్ హాలుకే వెళ్లాడు. జట్టు డోనోవన్ మెక్‌నాబ్ పేరు చదివింది. ఆ ముప్పై మంది ఆ కుర్రాడి మొహం మీదే హోరున గేలి చేశారు, దేశమంతా టీవీలో చూసింది. ఆ మెక్‌నాబే జట్టుని సూపర్ బౌల్ (ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్) దాకా తీసుకెళ్లాడు. తప్పు చెప్పినందుకు షోకి ఏమైనా నష్టమా? కెటాల్డీ 2023 దాకా అదే కుర్చీలో కూర్చున్నాడు. సరిగ్గా చెప్పడం ఈ ఉద్యోగంలో అర్హత కాదు.

ఆ స్టేషనే 1993లో "వింగ్ బౌల్" అని కోడి రెక్కలు తినే పోటీ పెట్టింది. మన జట్టు ఎటూ సూపర్ బౌల్‌కి వెళ్లదు, మనమే ఒకటి పెట్టుకుందాం అనే ఏడుపు జోకుగా. హోటల్ లాబీలో మొదలై పెద్ద స్టేడియం నిండేదాకా పెరిగింది. 2018 ఫిబ్రవరిలో ఈగిల్స్ నిజంగానే సూపర్ బౌల్ గెలిచారు. పోటీ ఆగిపోయింది. గెలుపుతో షోకి పని ఉండదని అంతకంటే బాగా ఎవరూ చూపించలేరు. మా దగ్గర కూడా జట్టు గెలిచిన ఆదివారం ఆరు లైన్లలో రెండే వెలిగేవి, ఓడితే ఆరూ మధ్యాహ్నం దాకా ఆరేవి కావు.

డబ్బు ఎక్కడిది అంటే, 25 నుంచి 54 ఏళ్ల మగవాళ్లని ఒక చోట పట్టి ఇచ్చే సాధనాలు తక్కువ. బీరు, కార్ల షోరూములు, లాయర్లు, బట్టతల మందులు. వీటిని హోస్టే తన గొంతుతో, తన కథలాగా చదువుతాడు, దానికి రేటు ఎక్కువ. 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు స్పోర్ట్స్ బెట్టింగ్ మీద ఉన్న కేంద్ర నిషేధాన్ని కొట్టేసింది. న్యూజెర్సీలో ఆ జూన్‌లోనే పందాలు మొదలయ్యాయి, న్యూయార్క్‌లో ఫోన్లో పందెం 2022 జనవరి నుంచి. అప్పటినుంచి యాడ్లతో పాటు కబుర్ల రంగు కూడా మారింది. ఎవరు గెలుస్తారు అనే మాట పోయి ఎన్ని పాయింట్ల తేడాతో అనే లెక్క వచ్చింది. నాకు ఇది నచ్చలేదు. కారులో గంట సేపు ఇదే వినే కొత్త కుర్రాళ్లకి ఒక మాట చెబుతాను: ఉచిత పందెం అని ఇచ్చే కూపన్ ఉచితం కాదు.

హైదరాబాద్ సంగతి. మన దగ్గర ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు చెప్పకూడదు. 2011 నాటి ఎఫ్ఎం మూడో దశ విధానంలో ఆటల సమాచారాన్ని వార్త కిందికి రాదని మినహాయించారు, కానీ ప్రత్యక్ష ప్రసారం కుదరదు. స్థానిక స్థాయి ఆటలకైతే వ్యాఖ్యానం చెప్పుకోవచ్చు. అంటే కబుర్ల షో పెట్టడానికి చట్టం అడ్డు కాదు. చాలామంది తప్పంతా రూల్స్ మీదికి నెడతారు, నేను ఒప్పుకోను.

అసలు అడ్డు సరుకు లేకపోవడం. న్యూయార్క్‌లో రెండు బేస్‌బాల్ జట్లు, ఒక్కోటి ఏడాదికి 162 మ్యాచ్‌లు. రెండు ఫుట్‌బాల్ జట్లు, రెండు బాస్కెట్‌బాల్ జట్లు, చుట్టుపక్కల కలిపి మూడు హాకీ జట్లు. ఏడాది పొడవునా ఏదో ఒకటి నిన్న రాత్రి ఓడిపోయి ఉంటుంది. హైదరాబాద్‌కి సన్‌రైజర్స్ ఉంది, లీగ్ దశలో 14 మ్యాచ్‌లు, రెండు నెలలు. తర్వాత పది నెలలు ఏం మాట్లాడతారు? ఇండియా జట్టు గురించి అంటారా, అది దేశం మొత్తానిది. కూకట్‌పల్లి వాడు ఎల్‌బీ నగర్ వాడితో పోట్లాడటానికి పనికిరాదు, ఇద్దరిదీ ఒకటే బాధ. ఫ్యాన్ నడిచేది మెట్స్ వాడు, యాంకీస్ వాడు ఒకే ఆఫీసులో కూర్చుంటారు కాబట్టి.

ఇంకోటి, ఎఫ్ఎం లైసెన్సు వేలంలో కొన్నవాడికి నగరమంతా వినే సినిమా పాట ఉండగా ఈ రిస్కు ఎందుకు? ఆ కోపం, ఆ వాదన మన దగ్గర లేక కాదు, అవి యూట్యూబ్ లైవ్‌లకి, వాట్సాప్ గ్రూపులకి వెళ్లిపోయాయి. ఐపీఎల్ తెలుగు కామెంటరీ వచ్చాక మ్యాచ్ ముందూ వెనకా టీవీలోనే చర్చ అయిపోతోంది. ఎవరైనా ప్రయత్నిస్తానంటే నేను చెప్పేది రోజంతా స్టేషన్ వద్దు, ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది నుంచి పది దాకా ఒక్క షో, ఫోన్లు ఎత్తడానికి ఒక గట్టి మనిషి. హోస్ట్ కంటే ముందు ఆ మనిషినే వెతకండి.

మీకు మాత్రం ఒక పని. సెప్టెంబర్‌లో ఫుట్‌బాల్ మొదలయ్యాక న్యూయార్క్ ఫుట్‌బాల్ జట్లు జెయింట్స్, జెట్స్ రెండూ ఓడిన ఆదివారం ఒకటి వస్తుంది, ఎక్కువ రోజులు ఆగక్కర్లేదు. ఆ సోమవారం మీ కొలీగ్‌ని పావుగంట ముందే బయల్దేరమనండి.